మామూలే

కోనసీమలో 60 దాటిన స్త్రీని ఆమె జీవితంలోని ఏ సంగతి గురించి అడిగినా సంవత్సరం చెప్పదు. పెద్దమ్మాయి ఎప్పుడు పుట్టిందంటే, "పెద్ద వరదొచ్చింది చూడండి, ఆ ఏడు" అంటుంది. అంటే 1986 ఆగస్టు. అత్తగారు ఎప్పుడు పోయారంటే, "బ్లోఅవుట్ అయినప్పుడు" అంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండిన కాలం అది. పాత పెంకుటిల్లు ఏమైందంటే, "తుఫానుకి పోయింది కదండీ" అంటుంది. ఏ తుఫాను అని అడగక్కర్లేదు. ఇక్కడ తుఫాను అంటే 1996 నవంబరు 6 రాత్రి వచ్చినదే. వరదకీ బ్లోఅవుట్‌కీ మధ్య ఎనిమిదేళ్లకు పైగా ఉన్నాయి. తుఫాను నుంచి ఇప్పటికి మూడు దశాబ్దాలు కావస్తోంది. ఆ మధ్యకాలమంతా ఏం జరిగిందని అడిగితే వచ్చే జవాబు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. "ఏముంటదండీ, మామూలే."

రాజోలు, అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్లలో స్త్రీల జీవితకథనాలు సేకరిస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా ఆపేసిన మాట ఇదే. ఊరందరి కథలూ గంటలకొద్దీ చెప్పగలిగిన మనిషి, తన కథ అడిగేసరికి పది నిమిషాల్లో ముగించేస్తుంది. ఫలానా ఊళ్లో పుట్టాను, ఫలానా వయసులో చేశారు, ఇంతమంది పిల్లలు, ఆయన పోయి ఇన్నేళ్లయింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని "మీకు టీ పెట్టమంటారా?" అంటుంది. మొహమాటం కాదు, దాచుకోవడమూ కాదు. చెప్పడానికి ఏమీ లేదని ఆమె నిజంగానే నమ్ముతుంది. నలభై ఏళ్లు ఒక్క పూట కూడా ఆగకుండా పనిచేసిన మనిషికి, చెప్పుకోవడానికి ఏమీ మిగలకపోవడం ఎలా సాధ్యం?

అదే ఇంట్లో ఆమె భర్తను అడిగి చూడండి. ఆయన రోజులూ ఒకేలా గడిచినవే. అదే చేను, అదే తోట, అదే గట్టు. అయినా ఆయనకి చెప్పడానికి బోలెడుంటుంది. సార్వాకి ఒక కథ, దాళ్వాకి ఒక కథ. కొబ్బరి ధర ఎప్పుడు పెరిగిందో, అంబాజీపేట మార్కెట్‌లో ఎప్పుడు పడిపోయిందో, ఏ దింపుకి ఎన్ని కాయలు వచ్చాయో వేళ్లమీద లెక్క. 2011లో గిట్టుబాటు కావడం లేదని కోనసీమ రైతులు సార్వాకి పంటవిరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. ఆ సంగతి ఆయన నిన్న జరిగినంత స్పష్టంగా చెబుతాడు. ఆ ఏడు పంటకి విరామం దొరికింది. వంటకి దొరకలేదు. గోదావరి కాలవలని కూడా ఏటా ఎండాకాలం కట్టేస్తారు. పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు, మళ్లీ నీళ్లు వదిలిన రోజు పిల్లలు కేరింతలు కొడతారు. వంటింటికి కట్టేసే కాలమంటూ లేదు. అందుకే అక్కడ మళ్లీ మొదలయ్యే రోజూ లేదు.

ఈగ ఇల్లలుకుతూ అలుకుతూ పేరు మర్చిపోయిన కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పి.సత్యవతి "ఇల్లలకగానే" కథలో ఆ ఈగని ఒక మధ్యతరగతి గృహిణిగా మన ముందు నిలబెట్టారు. పేరు మర్చిపోవడం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఇటీవల నాకు ఆ కథలో ఇంకో సంగతి కనిపిస్తోంది. ఈగ పేరు మర్చిపోయింది గాని, అలకడం మర్చిపోలేదు. జ్ఞాపకమంతా చేతుల్లోకి దిగిపోయింది. పొంగొచ్చే పాలగిన్నె మీదికి చేయి దానంతటదే వెళుతుంది. కాని పొద్దున చారులో ఉప్పు వేశానా లేదా అంటే మనిషికి గుర్తుండదు. "వేసే ఉంటాను, చెయ్యి ఊరుకోదు కదండీ" అంది ఒకామె. చెయ్యి ఊరుకోదు. తను ఆ వేళ ఎక్కడుందో మాత్రం తెలీదు. మొద్దుబారడం అంటే ఇదే అనుకుంటాను. విసుగు వేరు. విసుగులో ఇంకా ఒక మనిషి ఉంటుంది, ఇది నాకు వద్దు అంటుంటుంది. మొద్దుబారినచోట ఆ అనే మనిషే లేచి ఎటో వెళ్లిపోయి ఉంటుంది.

విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అలవాటు మీద ఒక అధ్యాయం ఉంది. రోజువారీ పనులను ఎంతగా అలవాటుకి అప్పజెబితే మనసు అంతగా పై ఆలోచనలకి ఖాళీ అవుతుందని ఆయన వాదన. అదే పుస్తకంలో మరోచోట, రోజులు యాంత్రికమైపోయేకొద్దీ అవి జ్ఞాపకంలో ఒకదానిలో ఒకటి కరిగిపోయి, ఏళ్లు బోలుగా కుంచించుకుపోతాయనీ అంటాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక ప్రశ్న పుడుతుంది. అలవాటు వల్ల ఖాళీ అయ్యే మనసు ఎవరిది? అన్నం వేళకి కంచం ముందుకి వచ్చే మనిషిది. ఆ కంచం తెచ్చే మనిషి చేతులు అలవాటు పడినా మనసు ఖాళీ కాదు. తర్వాత ఏ పని, తర్వాత ఎవరు వస్తారు అని అది కాపలా కాస్తూనే ఉంటుంది. మొదటి లాభం ఒకరికి, రెండో నష్టం మరొకరికి. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద. ఆ కప్పు కింద కాస్త వెసులుబాటున్న స్త్రీలు, నాలాంటి చదువుకున్నవాళ్లతో సహా, ఈ నష్టాన్ని ఇంకో స్త్రీ చేతికి, చాలాసార్లు దళిత స్త్రీ చేతికి బదిలీ చేస్తున్నామన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

చేసిందే చేయడమే తప్పని కాదు. సంగీతం నేర్చుకునే పిల్ల సరళీ వరసలు వేలసార్లు పాడుతుంది. సాధకం పునరావృతమే. కాని ఆ వేయిసార్లూ ఆ పిల్ల గొంతులోనే పోగుపడతాయి. తోమిన గిన్నెలో ఏదీ పోగుపడదు. అది మళ్లీ మసిబారడానికే తోమబడుతుంది. ఇంటిపనిని సిసిఫస్ శిక్షతో పోలుస్తూ 1949లోనే సిమోన్ ద బోవా చెప్పింది ఇదే. ఊడ్పులకి వెళ్లే కూలి స్త్రీలతో మాట్లాడినప్పుడు ఈ తేడా నాకు ఇంకోరకంగా అర్థమైంది. నడుం విరిగేలా రోజంతా వంగి ఒకే పని. అయినా వాళ్లు ఆ రోజుల గురించి చెప్పగలరు. ఎవరు ఏ మాట అన్నారు, ఎవరు నవ్వించారు, కూలి ఎంత తగ్గించి ఇచ్చారు, దానికి ఎవరు ఎదురు తిరిగారు. పక్కన మనిషి ఉంది. పనికి రేటు ఉంది. ఊడ్పులకి ఒక ఆఖరి రోజు ఉంది. అదే స్త్రీ సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాక జరిగినదాన్ని అడిగితే ఆమె కూడా "మామూలే" అంటుంది. మనిషిని మొద్దుబార్చేది పునరావృతం ఒక్కటే కాదు. పంచుకునేవారు, లెక్కపెట్టేవారు, ముగింపు, ఈ మూడూ లేని పునరావృతం.

సఖినేటిపల్లి రేవు దాటితే నర్సాపురం. అక్కడి లేసు అల్లిక గురించి మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వశిష్ఠకి అవతలి ఒడ్డున జరిగిన పరిశోధన గాని, ఆ సూది ఈ ఒడ్డు ఇళ్లలోనూ ఆడింది. పాశ్చాత్య దేశాల బల్లల మీదికి వెళ్లే లేసుని ఇళ్లలో కూచుని అల్లే స్త్రీలను వ్యాపారులూ, ఇంట్లోవాళ్లూ, చివరికి వాళ్లకి వాళ్లే 'ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులు'గానే చూశారని మీస్ చూపించింది. గంటలకొద్దీ సాగే ఆ పనికి ఖాళీ సమయం అని పేరు. పనిని ముక్కలు చేసి పంచేవారు. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్లు వేరు. అంటే ఏళ్లతరబడి ఒకే పువ్వు అల్లినా, ఆ పువ్వు ఏ దుప్పటిలో ఎక్కడ చేరిందో చూడనక్కర్లేదు. ఆ అల్లిక అలవాటైన పెద్దావిడల చేతులు ఇప్పటికీ చూపు అక్కర్లేకుండానే కదులుతాయి. మొత్తం చూడనివ్వకపోవడం అనేది లేసుకి మాత్రమే సంబంధించినది కాదనిపిస్తుంది నాకు. ఇంటి స్త్రీ బతుకు కూడా పూటలు పూటలుగా అల్లి ఇచ్చేసిందే. వాటిని అతికి, ఇదీ నేను అల్లింది అని పరిచి చూసుకునే అవకాశం ఎవరికి వచ్చింది?

కోనసీమ నుంచి కువైట్‌కీ ఇతర గల్ఫ్ దేశాలకీ ఇంటిపనికి వెళ్లిన స్త్రీలు చాలామంది. వాళ్లలో ఒకామెతో మాట్లాడటం నాకు పెద్ద పాఠం. అక్కడ చేసిందీ వంట, అంట్లు, ఊడ్పు, పిల్లల పెంపకమే. కాని అక్కడి రోజుల గురించి ఆమె మూడు గంటలు చెప్పింది. ఆ ఇంట్లో ఎన్ని గదులో, ఏ కిటికీ దగ్గర నిలబడితే ఎవరు కనపడేవారో, ముసలామెకి ఏ వేళ ఏ మందో, మొదటి నెల జీతం చేతికొచ్చినప్పుడు ఏ కాయితంలో చుట్టి దాచుకుందో. కష్టాలూ చెప్పింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండటం, గడప దాటాలంటే అనుమతి, నిద్ర చాలని రంజాన్ నెలలు. యజమాని పూచీ మీద ఆధారపడ్డ ఆ వీసా పద్ధతిలో మనిషికున్న స్వేచ్ఛ ఎంతో అందరికీ తెలిసిందే. దాన్ని విముక్తి అనడానికి నాకు నోరు రాదు. కాని అక్కడ ఆ పనిని పని అన్నారు. దానికి నెలకింత అని ఉంది, ఫలానా నెలకి ఇంటికి వెళతానన్న లెక్క ఉంది. ఆ లెక్కే ఆమెకి రోజుల్ని గుర్తుపెట్టింది. తిరిగొచ్చాక ఏమిటని అడిగాను. ఏడేళ్లయింది వచ్చి. ఆమె పెరట్లోకి చూసి, "వచ్చాక ఏముందండీ, మామూలే" అంది.

మన సాహిత్యం ఈ మామూలుని పట్టించుకోలేదని అనలేం. విమల "వంటిల్లు" ఉన్న "అడవి ఉప్పొంగిన రాత్రి" 1990లో వచ్చినప్పుడు, మసిపట్టిన ఆ గది కవిత్వానికి తగిన వస్తువేనని తెలుగు పాఠకులు ఒప్పుకోక తప్పలేదు. 1993 నాటి "నీలిమేఘాలు" సంకలనం ఇంటి నాలుగు గోడల్నీ కవిత్వంలోకి తెచ్చింది. అయినా మన కథల నిర్మాణాన్ని గమనిస్తే, అవి ఎక్కువగా ఒక తెగే క్షణం కోసం ఎదురుచూస్తాయి. ఆమె గడప దాటుతుంది, లేదా పిచ్చిదవుతుంది, లేదా ఒక్క మాటతో ఇల్లంతా నిశ్చేష్టమవుతుంది. బెల్జియం దర్శకురాలు షాంటాల్ ఆకెర్‌మాన్ 1975లో తీసిన "జాన్ డీల్‌మాన్" సినిమాలో ఒక స్త్రీ బంగాళాదుంపలు తొక్క తీయడం, పక్క సర్దడం, గిన్నెలు కడగడం మూడు గంటలకు పైగా చూస్తాం. 2022లో బ్రిటిష్ పత్రిక సైట్ అండ్ సౌండ్ జరిపిన ఓటింగులో ప్రపంచ సినిమాల్లో దానికి మొదటి స్థానం దక్కింది. ఆ సినిమా ముగియడానికి కూడా చివరికి ఒక హత్య జరగాల్సి వచ్చింది.

చరిత్రలోనూ ఇంతే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతుల్ని మనకి ఇచ్చింది. ఆ పుస్తకం లేకపోతే నాలాంటివాళ్లు ఈ పనిలోకి వచ్చేవాళ్లమే కాదు. పోరాటం ఆగిపోయాక ఇళ్లకి వెళ్లమన్నప్పటి వేదన అందులో చాలామంది మాటల్లో ఉంది. ఆ ఇళ్లకి వెళ్లిన తర్వాత గడిచిన ముప్పై ఏళ్లు మాత్రం ఎవరికీ అంత వివరంగా గుర్తున్నట్టుండవు. వరద, తుఫాను, ఉద్యమం. సంఘటన జరిగితేనే స్త్రీకి చరిత్ర వస్తుందా? అలాగైతే ఏ సంఘటనా జరగని లక్షలమంది స్త్రీల జీవితం ఏ రూపంలో మన దగ్గరకొస్తుంది?

దీనికి ఒక దారి విచిత్రంగా గణాంకాల శాఖ నుంచి దొరికింది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతటా, మళ్లీ 2024లో, కాలవినియోగ సర్వే చేసింది. అందులో నీ జీవితం చెప్పమని అడగరు. నిన్న తెల్లవారుజామున 4 గంటల నుంచి ఈరోజు 4 గంటల దాకా, అరగంట అరగంటకీ ఏం చేశావని అడుగుతారు. ఇంట్లోవారి కోసం జీతంలేని ఇంటిపని చేసినవారిలో 2019లో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేశారు. ఆ పని అసలు చేసిన స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. 2024కి స్త్రీల సమయం 289 నిమిషాలైంది. అయిదేళ్లలో స్త్రీకి రోజుకి పది నిమిషాలు కలిసొచ్చాయి. ఆ పది నిమిషాలూ పురుషుడు పంచుకున్నందువల్ల వచ్చినవీ కావు. వాళ్ల సమయం కూడా 97 నుంచి 88కి తగ్గింది. ఆ పద్ధతిలో ఇంకో సంగతి కూడా ఉంది. ఒక అరగంటలో పనులు చాలా ఉంటే, పది నిమిషాలో అంతకన్నా ఎక్కువో పట్టినవాటినే, అదీ మూడు దాకానే రాసుకుంటారు. పది నిమిషాలు పట్టని పనులతోనే నిండిన రోజు ఎవరిదో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కర్లేదు.

అయినా ఆ ప్రశ్న గొప్పది. మీ కథ చెప్పండి అనడం మాని, నిన్న ఏం చేశారో చెప్పండి అని అడగడం నేను అక్కడినుంచే తెచ్చుకున్నాను. మొదట "నిన్నా? మామూలే" అనే అంటారు. నాలుగింటికి లేచారా అంటే, లేదు, నాలుగున్నర అంటారు. అక్కడ తాడు కొస దొరుకుతుంది. కొత్తపేట వైపు ఒక ఊళ్లో, భర్త కూడా అరుగు మీద పేపరు చూస్తూ ఉండగా, ఒకామె తన నిన్నటి రోజు చెప్పింది. కళ్లాపి, ముగ్గు. నీళ్లపొయ్యిలోకి కొబ్బరి డొక్కలు. నాలుగు డొక్కలు తడిసి ఉన్నాయి, వాటిని విడిగా తీసి ఎండ తగిలేచోట పెట్టింది. కరెంటు పోకముందే మోటారు. మామగారికి ఉప్పులేని కూర వేరే గిన్నెలో. మనవడి బడిసంచిలో పోయిన పెన్సిలు. పచ్చడికి కొబ్బరి కోరుతుంటే వేలు గీరుకుంది, పసుపు అద్దింది. చెబుతూ చెబుతూ వేలు తిప్పి చూసుకుంది, గీత ఇంకా ఉంది. పదకొండు దాటాక ఆగింది. "అప్పుడు కాసేపు పెరటి గుమ్మంలో నుంచున్నానండి. కాలవలో పడవ పోతుంటే."

ఎంతసేపు అని అడిగాను. "అయిదు నిమిషాలుంటుందేమో." సర్వే కాయితంలో అయిదు నిమిషాలకి చోటు లేదు. నా పుస్తకంలో రాసుకున్నాను. ఆమె నా కలం వైపు చూసి, "ఇది కూడా రాసుకుని ఏం చేసుకుంటారండీ?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మీ రోజులో ఎవరికోసమూ చేయని పని ఇదొక్కటే కదా, అందుకని అన్నాను. ఆమె ఏమీ అనలేదు.

నాలుగు గోడల మధ్య నలిగినవాళ్లకి పెద్ద పరిష్కారాలు కావాలి. పని పంచుకోవాలి, ఆ పనికి విలువ కట్టాలి, పిల్లలనీ ముసలివాళ్లనీ చూసుకునే బాధ్యత సమాజం తీసుకోవాలి. ఇవన్నీ మనం దశాబ్దాలుగా అడుగుతున్నవే, ఇంకా అడగాల్సినవే. కాని మొద్దుబారిన మనిషికి అవి అడగాలని కూడా తోచదు. అడగాలంటే ముందు ఆ రోజు తనదై ఉండాలి. నిన్నటిని అరగంట అరగంటగా తిరిగి చెప్పుకోవడం ఆ రోజుని చేతుల్లోంచి మళ్లీ మనసులోకి తెచ్చుకోవడం. ఇది పల్లెటూరి గృహిణులకి మాత్రమే చెప్పే మందు కాదు. పీహెచ్‌డీ చేసి, పాఠాలు చెప్పి, ఇదే విషయం మీద వ్యాసాలు రాసే నేను నా నిన్నటి రోజుని అలా గీతలు గీసుకుని రాస్తే, 48 గడుల్లో అయిదు ఖాళీగా మిగిలాయి. ఆ వేళల్లో నా చేతులు ఏదో చేసే ఉంటాయి. ఈ వ్యాసం చదివే మిత్రులు కూడా ఒకసారి రాసి చూడండి. మీ అమ్మని కూచోబెట్టి అడిగి చూడండి. జీవితం గురించి వద్దు, నిన్నటి గురించి.

ఆ రోజు అక్కడినుంచి లేవబోతుంటే అరుగు మీదున్న ఆ ఇంటాయన పేపరు దించి భార్య వైపు చూశారు. "పెరటి గుమ్మంలోనా? నువ్వెప్పుడు నుంచున్నావ్?" అన్నారు. అందులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. ఆమె లోపలికి వెళుతూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"రోజూనే."